మూత తీస్తే బతికే బండి

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో, మా సందులో ఇంజన్ గురించి తెలియని మనిషంటూ లేడు. అందరూ రైల్వే వర్క్‌షాపు వాళ్ళే. అలాంటి చోట మోటారు సైకిలు పాడైతే ఎంత ప్రమాదమో మా చిన్నాన్నకు ఒక బంద్ రోజున తెలిసొచ్చింది.

ఆ రోజు ఝాడ్‌గ్రామ్‌లో ఆయనకు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ దరఖాస్తు పెట్టే వీలుండదు. పైగా కొత్తగా పెళ్ళయింది. పిన్ని శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఆమె వచ్చాక ఇంట్లో పాలు విరిగినా, మా తమ్ముడికి జలుబు చేసినా మా నాయనమ్మ ఏమీ అనేది కాదు. పిన్ని వైపు ఒకసారి చూసి ఊరుకునేది. దానికంటే అనేయడమే నయం.

బస్సులు లేవు, ఆటోలు లేవు, లోకల్ రైలును ఎక్కడో పట్టాల మీద కూర్చుని ఆపేశారు. సైకిలు మీద బయలుదేరితే, ఇంటర్వ్యూ మర్నాటికి వాయిదా పడితేనే అందుకోగలడు. మిగిలింది ఎవరి దగ్గరో కొన్న పాత మోటారు సైకిలు. బంకులు మూసేస్తారని ముందు రోజే ట్యాంకు నిండా పెట్రోలు పోయించాడు. ఆ ముందు రోజే విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో ఆ రోజు ఇనుముతో చేసింది ఏదైనా దేవుడే. పిన్ని మొగుడి ఉద్యోగం మనసులో పెట్టుకుని బండి కడిగి, ముద్దగా కలిపిన పసుపుతో ముందు దీపం నుంచి వెనక చక్రం దాకా బొట్లు పెట్టింది. సాయంత్రానికి ఆ బండి అసలు రంగేమిటో గుర్తు చేసుకోవలసి వచ్చింది.

పొద్దున్నే బండి మొదటి తన్నుకే అందుకుంది. సందు దాటాక వచ్చే మైదానం దాకా వెళ్ళి ఆగిపోయింది. చిన్నాన్న తోసుకుంటూ వెనక్కి వచ్చాడు. అంతే, సందంతా బయటికొచ్చింది.

వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ షాపులో పనిచేసే మావయ్య కరెంటు లోపమన్నాడు. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్ది, ఎందుకైనా మంచిదని మూత తీసి పెట్రోలు చూసి, తన్నమన్నాడు. స్టార్టయింది. మైదానం దగ్గర ఆగింది. బాయిలర్ షాపు పెద్దాయన అది వేడి వల్లేనని తడి గోనెసంచి కప్పించి, ఆయనా మూత తీసి చూశాడు. మళ్ళీ స్టార్టయింది, మళ్ళీ అక్కడే ఆగింది. ఎదురింటి బెంగాలీ దాదా కార్బురేటర్ విప్పి ఊది బిగించి, పెట్రోలు చూసి, "అబ్ ఠీక్ హై" అన్నాడు. మైదానం దాకా ఠీక్‌గానే ఉంది. ముగ్గురికీ తాము బాగుచేసినదాన్ని తక్కిన ఇద్దరూ చెడగొట్టారని గట్టి నమ్మకం.

నాలుగోసారి తోసుకొచ్చేసరికి చిన్నాన్న తెల్లచొక్కా నిండా నూనె. సర్టిఫికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కాలవ గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు నాయనమ్మ, మొదటిసారి, పైకే అంది.

"ఇన్నాల్లూ పరిగెట్టిన బండి. ఎవుల పాదం తగిలిందో ఏటో."

మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ పిన్ని ఆ గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించలేదు. దాని ముందు కూర్చుంది.

మా తాతయ్య స్టీము ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. పట్టాలు అక్కర్లేనిది బండే కాదని ఆయన అభిప్రాయం కనుక అంతవరకూ అరుగు దిగలేదు. నన్ను పిలిచాడు.

"ఏటే గుంటా, ఆల్లు మూత ఎన్నిసార్లు తీసినారు?"

బాగుచేసిన ప్రతిసారీ తీశారన్నాను.

"తీసినప్పుడల్లా బతుకుతోంది కదా. కిరసనాయిలు డబ్బాకి ఒకే సిల్లు పెడితే ఏటవుద్ది?"

కాస్త కారి ఆగిపోతుంది. గాలి వెళ్ళడానికి ఇంకో చిల్లు ఉండాలి. కిరసనాయిలు పోసే పని నాదే కాబట్టి ఆ శాస్త్రం నాకు వచ్చు.

తాతయ్య లేచి బండి దగ్గరికి వెళ్ళాడు. వెనకాలే నేను. పెట్రోలు మూత మధ్యలో సన్నటి చిల్లు ఉండాలట. అక్కడ రాయిలా ఎండిన పసుపు బొట్టు ఉంది. జనానికి వీపు పెట్టి, నా గౌనుకున్న పిన్నీసు తీయించుకుని, చిల్లు గోకాడు. పచ్చబడ్డ బొటనవేలిని పంచె మడతలో తుడుచుకున్నాడు. నేను నోరు తెరవబోయాను. నా పాదం మీద ఆయన పాదం పడింది. మెల్లగానే, కానీ తీయలేదు.

"నానే," అన్నాడు అందరికీ వినబడేలా. "నిన్న సాయంత్రం పెట్రోలు కులాయి సగం కట్టీసినాను. మరిసిపోనాను."

కుళాయి తెరిచే ఉందని ఎలక్ట్రికల్ మావయ్య అడ్డొచ్చాడు.

"సగమన్నాను కదరా. సగం తెరిసింది నీ కంటికి తెరిసినట్టే ఉంటాది."

ఈసారి బండి మైదానం దాటింది. అందరూ ఆ చప్పుడు వినబడినంతసేపూ నిలబడే ఉన్నారు.

చిన్నాన్న ఆలస్యంగానే చేరాడు. ఆఫీసర్లు ఇంకా ఆలస్యంగా వచ్చారు. ఉద్యోగం మాత్రం రాలేదు. అడిగినవాటికి జవాబులు తెలియలేదని ఆయనే చెప్పుకున్నాడు. తరువాత మా ఊళ్ళోనే మలంచాలో టైర్ల కొట్టు పెట్టుకుని మర్యాదగా బతికాడు. నాయనమ్మ లెక్కలో మాత్రం ఆ ఉద్యోగం పోగొట్టింది తాతయ్యే. కుళాయి కట్టేసి కొడుకు నోట్లో మన్ను కొట్టాడని ఆయన బతికున్నన్నాళ్ళూ అంది. ఆయన దాన్ని చద్దన్నంలో ఉల్లిపాయలా రోజూ నంజుకున్నాడు. ఆ మాటలన్నీ వెళ్ళవలసిన చోటు వేరే ఉందని ఇంట్లో తెలిసింది మా ఇద్దరికేననుకునేదాన్ని. పిన్నికీ తెలుసని పెద్దయ్యాక అర్థమైంది. తాతయ్య పంచెలు ఉతికేది ఆవిడే. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది.

నేను చాలా ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఇప్పటికీ ఇంట్లో ఏది ఆగిపోయినా ముందు గాలి ఎక్కడ ఆడడం లేదో వెతుకుతాను. అది దొరికితే దాన్ని ఎవరు మూశారో కూడా సాధారణంగా తెలిసిపోతుంది. అప్పుడు చేతులు తుడుచుకుని, నా పొరపాటే అంటాను. మావాళ్ళలో ఒక్కరైనా ఇంతవరకూ అనుమానించలేదు.