కోర్సు మావయ్య

మావయ్యకున్న జబ్బు ఒక్కటే. యాంటీబయాటిక్ పేరు చెవినపడితే తిట్టకుండా ఉండలేడు. ఎవరైనా జలుబు చేసిందని ఆయన మందుల షాపుకొచ్చి రెండు మాత్రలు అడిగితే వాళ్ల ఏడు తరాలనూ కడిగేస్తాడు. డాక్టరు చీటీ ఉన్నవాళ్లు కూడా కోర్సు మొత్తం మింగుతామని కౌంటరు ముందు మాటివ్వాల్సిందే. అందుకే వీధంతా ఆయన్ని కోర్సు మావయ్య అంటుంది.

ఓసారి టైలరు జ్వరం తగ్గిందని మూడు మాత్రలు మిగుల్చుకున్నాడు. మావయ్య అతని కొట్టుకే వెళ్లి, సగం కుట్టిన చొక్కా నువ్వు తొడుక్కుంటావా అని అందరి ముందూ దులిపి వచ్చాడు.

కౌంటరులో కూర్చునే మేనకోడలికి ఈ గోలంతా తలవంపుగా ఉండేది. మరీ ఒళ్లుమండే సంగతేమిటంటే, యాంటీబయాటిక్ చీటీని ఆమే గట్టిగా చదవాలి. ఆయన లోపలి అరల మధ్య నుంచి విని తిట్లు అందుకుంటాడు.

ఆ సాయంత్రం ఒక యువకుడు తల వంచుకుని చీటీ ఇచ్చాడు. వెనక ఆరుగురున్నారు. అందులో మెడ చాచి చూస్తున్నది రిటైరైన హెడ్మాస్టరు. ఆమె అలవాటుగా, డాక్సీసైక్లిన్, ఒకేసారి రెండు మాత్రలు అని చదివేసింది.

"ఒకేసారా? కోర్సు ఏమైంది?" అని లోపల్నుంచి కేక.

అప్పుడు చూసిందామె కింది వాక్యం: శారీరక సంబంధం తర్వాత మూడు రోజుల్లోపు, సుఖవ్యాధులు రాకుండా ముందుజాగ్రత్తగా. యువకుడి చెవులు కందిపోయాయి. చీటీ లాక్కుని వెళ్లిపోయేలా ఉన్నాడు. ఏం జబ్బట, అన్నాడు హెడ్మాస్టరు అందరికీ వినబడేలా. పక్కవాడి రోగం తెలిస్తే గానీ ఆయన బీపీ మాత్ర పనిచేయదు కాబోలు.

మావయ్య ఊగిపోతూ వచ్చి చీటీ చదివాడు. హెడ్మాస్టరు వైపోసారి చూసి, ఇంకా గట్టిగా అందుకున్నాడు.

"మొటిమలు గిల్లొద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?"

ఆ మందు మొటిమలకూ ఇస్తారు గానీ, భూతద్దం పెట్టి వెతికినా అతని మొహాన ఒక్క మొటిమ లేదు. అయినా ఇక గిల్లనండీ అని మాటిచ్చాడు. హెడ్మాస్టరు మెడ వెనక్కి తీసుకున్నాడు. మావయ్య మాత్రల కవరు మీద తనే రాసిచ్చాడు: నిండు గ్లాసు నీళ్లతో వేసుకో, వెంటనే పడుకోకు, ఇది అన్ని వ్యాధుల్నీ ఆపదు, మూడు నెలలకోసారి పరీక్షలు చేయించుకో.

షాపు ఖాళీ అయ్యాక మేనకోడలు నిలదీసింది. జలుబున్నవాడికివ్వని మందు, ఏ జబ్బూ లేనివాడికి ఎలా ఇచ్చావంది.

"జలుబు మనిషి తనకు తనే డాక్టరమ్మా. ఇతను డాక్టరు ముందు కూర్చుని, సిగ్గు చంపుకుని, ఉన్నదున్నట్టు చెప్పొచ్చాడు. మనం నవ్వులపాలు చేస్తే మళ్లీ ఆ గడప తొక్కుతాడా?" అని కౌంటరు మీద చరిచాడు. "రేపట్నుంచి ఏ చీటీ చదవకు. లోపలికి పట్రా."

ఆ నెలలో నున్నటి మొహాలవాళ్లు మరో ముగ్గురు చీటీలతో వచ్చారు. మందు చేతికందినా, మొటిమలు గిల్లినందుకు మావయ్య చెడామడా తిట్టేదాకా ఒక్కరూ కదల్లేదు.