ఫ్యాను కింది మంచం

మా వార్డు సిస్టరమ్మ పోయిందట. రాప్తాడు దగ్గర బస్సులో కలిసిన ఆ ఆసుపత్రి పాత కాంపౌండరు ఆ మాట చెప్పగానే, బాధకంటే ముందు ఆమె గురించి ఎవరికైనా చెప్పేయాలన్న ఆత్రం పుట్టింది. మీరు వినాల్సిందే.

డెబ్బైల్లో ఒక ఎండాకాలం, అపెండిసైటిస్ ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరాను. ఆమె ఆ వార్డు నర్సు. సూది వేసినా, మాత్ర ఇచ్చినా ముందు మన పేరు, నాయన పేరు, ఊరు, నొప్పి ఎక్కడో మనమే చెప్పాలి. రోజుకు నాలుగుసార్లు అదే విచారణ. నాకు ఒళ్లు మండేది. నిన్నటి పేరు ఇవాళ్టికి మారుతుందా అని అడిగేశాను.

"నువ్వు ఫలానా మనిషివేనా అంటే మనోళ్లు మర్యాదకు ఊ అంటారప్పా. అందుకే మీ నోటితోనే చెప్పిస్తాండా" అంది. నా తలకెక్కలేదు.

నాది ఫ్యాను కింది మంచం. ఎదుటి మంచంలో ఉరవకొండ పెద్దాయన ఆయాసంతో రొప్పుతుంటే చూడలేక, ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆయన్ను నా మంచం మీద పడుకోబెట్టాను. గొప్ప పని చేశానని మురిసిపోతూ కొళాయి దగ్గరికి వెళ్లాను. నా కేసు షీటు మాత్రం ఆ మంచానికే వేలాడుతోంది.

తిరిగొచ్చేసరికి పెద్దాయన స్ట్రెచర్ మీద ఉన్నాడు. షీటులో నా పేరు చదివి, రామాంజి నువ్వేనా అని తీసుకెళ్లేవాళ్లు అడిగారట, ఈయన చేతులు జోడించి ఊ అన్నాడట. అప్పటికే సిస్టరమ్మ తలుపు దగ్గర అడ్డంగా నిలబడి ఉంది.

"పెద్దాయనా, నీ పేరు చెప్పు."

"ఓబుళేసు, తల్లీ."

స్ట్రెచర్ ఆగింది. ఆ ఆయాసానికి మత్తుమందు ఇచ్చి ఉంటే మనిషి మళ్లీ లేచేవాడు కాదని డాక్టరు తర్వాత అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"గాలి ఇచ్చినావు, మంచిదే రామాంజీ. నీ ఆపరేషను గూడా ఇస్తివి గదప్పా."

సిగ్గుతో చచ్చిపోయాను. గంట తర్వాత నన్ను తీసుకెళ్లేటప్పుడు, పేరు పెట్టి తిట్టిన ఆ మనిషే మళ్లీ పేరు అడిగింది. ఈసారి ఒళ్లు మండలేదు. నాయన పేరుతో సహా చెప్పాను. చేరిన రోజు నుంచి కడుపులో ఉన్న భయం అప్పుడే పోయింది. ఆ సంగతి ఆమెకు ఏనాడూ చెప్పుకోలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మరుసటి రోజు ఆమె సూదుల ట్రేతో వార్డులోకి వచ్చింది. అడగకముందే పన్నెండు మంచాల నుంచీ పేర్లు, నాయనల పేర్లు, ఊళ్లు ఒక్కసారిగా లేచాయి. రొప్పుతూనే అందరికంటే గట్టిగా చెబుతున్నది ఓబుళేసు. ఆమె నవ్వు ఆపుకుంటూ మొదటి మంచం దగ్గర నిలబడి, "ఒక్కొక్కరే చెప్పండప్పా" అంది.