పావు చుట్టు వదులు

మొన్న పాత ఇనప సామాన్లు కొనే అతను వచ్చి, మా షెడ్డులోని పెద్ద లేతును, అంటే ఇనప కడ్డీలను తిప్పి కోసే మిషన్‌ను, ముక్కలుగా విప్పి లారీకెక్కించాక, మూలన గోనెపట్టా కింద ఉన్న ఒక బరువైన చట్రాన్ని కాలితో కదిపి, "ఇదేంటి సార్, బండి చక్రమా?" అని అడిగాడు. వంగి, దాని లోపలికి పొడుచుకొచ్చిన మూడు ఇనప వేళ్లలో ఒకదాన్ని బొటనవేలితో రుద్దితే, ఇన్నేళ్ల తరవాత కూడా ముక్కిపోయిన ఆముదం వాసన వచ్చింది. లేతు మీద బతికిన నా ఈడువాళ్లకు దాన్ని స్టెడీ అంటారని వేరే చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే, పొడవాటి ఇనప కడ్డీ లేతు మీద తిరిగేటప్పుడు నడుము దగ్గర ఊగిపోకుండా మూడు వైపుల నుంచి పట్టుకుని ఉంచే వస్తువు అది. నన్ను కూడా అది అలాగే పట్టుకుని ఉంచిందని ఇంట్లో అందరికీ చెబుతూ వచ్చాను. ఆ మాటనే ఇప్పుడు సరిదిద్దుకోవాలనుకుంటున్నాను.

ఎనభైల మొదట్లో నేను చిలకలూరిపేటలో మా మావగారింట ఇల్లరికం ఉండేవాణ్ణి. ఆయన మద్రాసులో పాతసామాన్ల వేలంలో ఆ లేతును కొన్నారు. ఇద్దరు మనుషులు కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత పొడుగు. దాన్ని నడిపే మనిషి కోసం వెతికి, ఐటీఐ చదివిన నాకు పిల్లనిచ్చారు. ఎదురుగా టీకొట్టు దగ్గర, పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు కూలీలు నన్ను చూడగానే, "అదుగోరా, లేతు మొగుడొస్తన్నాడు!" అని కేకేసేవాళ్లు. నేనూ నవ్వి, తలవంచుకుని షెడ్డులోకి పోయేవాణ్ణి. ఇంటి వెనక తలుపు తీస్తే షెడ్డు, షెడ్డు తలుపు మూస్తే ఇల్లు. అన్నం కూడా మిషన్ దగ్గరికే వచ్చేది. గుంటూరు వెళ్లే మిరపకాయల లారీలు రోడ్డు మీద పోతుంటే ఘాటుకు తుమ్ములొచ్చేవి. కళ్లు తుడుచుకుంటూ, ఆ మిరప బస్తాల మీద కూర్చున్న కూలీలైనా ఎక్కడికో పోతున్నారు కదా అనుకునేవాణ్ణి.

లేతు వచ్చింది గానీ దానితో రావలసిన స్టెడీ రాలేదు. అందువల్ల మిల్లుల్లో యంత్రాలను తిప్పే పొడవాటి ఇరుసులు, షాఫ్టులు, మేం పట్టలేకపోయేవాళ్లం. కడ్డీ మధ్యలో వణికి, కోత పడినచోటల్లా గరుకు తేలేది. చివరికి నేనూ మా బావమరిదీ కలిసి సొంతంగా చేద్దామనుకున్నాం. నా భార్యకు తమ్ముడతను, నాకన్నా కొంచెం చిన్న, ఇంటర్ తప్పి ఇంటి దగ్గరే ఉండేవాడు. ప్రత్తిపాడులో మూతపడిన ఒక బియ్యం మిల్లు నుంచి ఆయిలింజను చక్రం తెచ్చి, మధ్యలో ఆకులన్నీ తీసేసి, మిగిలిన వలయాన్ని ఒకే రంపానికి అటొకరం ఇటొకరం పట్టుకుని రెండు సగాలుగా కోశాం. కడ్డీని పైనుంచి దించడానికి వీలుగా ఒకవైపు మడతబందు, రెండోవైపు బోల్టు పెట్టాం. లోపల మూడు ఇనప వేళ్లు బిగించి, కడ్డీ గీసుకుపోకుండా వాటి కొసలకు పాత పంపుసెట్ల కంచు బుష్షుల ముక్కలు పెట్టాం. లేతు మీద అది కదలకుండా కూర్చోవడానికి అడుగుభాగాన్ని ఆకురాయితో అరగదీసింది మొత్తం అతనే. అరచేతులు బొబ్బలెక్కితే, "చూడు బావా, పచ్చిమిరపకాయ బజ్జీల్లా ఎలా పొంగినయ్యో!" అని నవ్వాడు. ఊళ్లో మాత్రం అది నేను చేసిందనే పేరు. నేనెప్పుడూ కాదనలేదు.

దాన్ని నడపడంలో ఒక కిటుకు ఉంది. తిరిగేకొద్దీ కడ్డీ వేడెక్కి ఉబ్బుతుంది, వేళ్ల మధ్య బిగుసుకుంటుంది. నేను మిల్లు నుంచి తెచ్చిన దూదిని ఆముదంలో తడిపి పై వేలి దగ్గర పెట్టేవాణ్ణి. ఆముదం కమురు వాసన మొదలవగానే వేళ్ల బోల్టులను పావు చుట్టు వదులు చేసేవాణ్ణి. దూది నూనె కోసమేనని బావమరిది అనుకునేవాడు. వాసన సంగతీ, వదులు చేసే సంగతీ నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో విశాఖపట్నంలో ఒక కర్మాగారం నుంచి నాకు ఉద్యోగ పరీక్షకు పిలుపు వచ్చింది. భయపడుతూనే మావగారికి చెప్పాను. ఆయన చాలాసేపు చుట్ట కాల్చి, "వెళ్లిరా అల్లుడూ. జిన్నింగ్ మిల్లు వాళ్లు ఇచ్చిన షాఫ్టును మావోడు ఒక్కడే కోసి చూపిస్తే నువ్వు అక్కడే ఉండిపో, నేనేం అనను" అన్నారు. అంత తేలిగ్గా తలుపు తెరుచుకుంటుందని నేను అనుకోలేదు. సంతోషించాలి కదా? నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. నేను లేకపోయినా ఈ షెడ్డు ఇలాగే నడుస్తుందా అనిపించింది.

బయలుదేరే పొద్దున బావమరిది నా సంచీ బస్సు దాకా మోసుకొచ్చి, "బావా, ఇంకేమన్నా చూసుకోవాలా? చెప్పెళ్లు" అని అడిగాడు.

"ఏం లేదురా, నడిపెయ్యి" అన్నాను.

కోత కొంచెం గరుకు తేలి, నా విలువ తెలిసొస్తుందని మాత్రమే అనుకున్నాను. అంతకు మించి చెడు తలపెట్టలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను.

నేను తిరిగొచ్చేసరికి షాఫ్టు షెడ్డు ముందు పడి ఉంది. వేళ్లు పట్టేసినచోట నీలంగా కమిలి, చుట్టూ లోతుగా చీరుకుపోయి ఉంది. పత్తి వచ్చే రోజుల్లో మిల్లు ఆగిపోయింది. మిల్లువాళ్ల ముందు, టీకొట్టు జనం ముందు మావగారు కొడుకుని, "నీ చేతికి మిషన్ కాదురా, పలుగిచ్చి పొలానికి తోలాలి!" అని అరుస్తున్నారు. అతను తలెత్తి నావైపు చూశాడు. నేను షాఫ్టువైపు చూశాను. ఆ రాత్రి మావగారు నా రెండు చేతులూ పట్టుకుని, నేను వెళ్లిపోతే షెడ్డు మూసుకోవాలన్నారు. విశాఖలో ఉద్యోగం వచ్చింది గానీ నేను వెళ్లలేదు. గుంటూరు, ఒంగోలు మధ్య పొడవాటి షాఫ్టులన్నీ మా షెడ్డుకే వచ్చాయి. ఆ మూడు వేళ్ల మధ్యే నా వయసంతా గడిచిపోయింది. మీ తాత ఆ స్టెడీతో నన్ను కట్టిపడేశాడని నా పిల్లలకు చెప్పాను. ఆ ముడి వేసింది నేనేనని చెప్పలేదు.

బావమరిది ఆ తరవాత మళ్లీ షెడ్డులో అడుగుపెట్టలేదు. మార్టూరులో గ్రానైటు పాలిష్ యూనిట్లు వచ్చాక అక్కడ రాళ్ల లోడింగు చూసుకునే పనిలో చేరాడు. ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా మనిషిని పిలిపిస్తాడు. మనవలు నవ్వితే, "నా చెయ్యి మిషన్‌కి పడదురా" అంటాడు. ఆ మాట నా ఎదురుగానే ఎన్నోసార్లు అన్నాడు.

సామాన్లతనికి స్టెడీ ఇవ్వలేదు. మర్నాడు మార్టూరు వెళ్లి, వరండాలో కూర్చుని, దూది సంగతి, వాసన సంగతి, ఆ రోజు బస్సు దగ్గర చెప్పకుండా దాచిన సంగతి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, "ఎంత వదులు చెయ్యాలి బావా?" అని మాత్రం అడిగాడు.

"పావు చుట్టు" అన్నాను.

గాలిలోనే రెండు వేళ్లతో అంత తిప్పి చూసుకున్నాడు. "ఇంతేనా?" అన్నాడు.

ఇప్పుడు వచ్చే మిషన్లు కడ్డీ వేడెక్కితే తెర మీద అంకె చూపిస్తాయట, తమంతట తామే వదులవుతాయట. ఏ ఊరి నుంచి వచ్చిన కుర్రాడైనా నడుపుతాడు, నచ్చకపోతే మానేసి వెళ్లిపోతాడు. ఆముదం వాసన ఎవరికీ అక్కర్లేదు. మంచిదే. మా రోజుల్లో మాత్రం ఆ వాసన సంగతి చెప్పడానికి నేనొక్కణ్ణే ఉన్నాను.