జాగ్రత్తగా పెట్టమన్న ఫుట్‌బాల్ కార్డు

2019 నవంబరు 14, గురువారం, సాయంత్రం నాలుగున్నర. కువైట్‌లో హవల్లీ అనే చోట, ఒక పాత కాంప్లెక్సులో నేల కింది అంతస్తు. అక్కడ బూ నాసర్ అనే కువైటీ ఆయన నడిపే కార్డుల షాపులో నేను చేరి అప్పటికి తొమ్మిది నెలలు.

ఇఖామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డులో, నా ఉద్యోగం సేల్స్‌మన్ అని ఉండేది. చేసింది ఫర్రాష్ పని. అంటే ఊడ్చడం, అద్దాలు తుడవడం, వచ్చినవాళ్ళకు టీ ఇవ్వడం, బీరువా తాళాలు చూసుకోవడం. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక ఆఫీసులో చేసిందీ అదే. నాకు అక్షరం రాదు. రాయచోటి దగ్గర మా పల్లెలో గొర్రెల వెంట తిరిగాను గాని బడికి పోలేదు. షాపులో చేరేటప్పుడు చదువు వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది నేనే. అదెలా వచ్చిందో చివర్లో ఉంటుంది.

కార్డులంటే పేకముక్కలు కావు. ఒకప్పుడు చూయింగ్ గమ్ పొట్లాల్లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలను చిన్న అట్టముక్కల మీద అచ్చేసి పెట్టేవాళ్ళు. పిల్లలు గమ్ నమిలి ఊసేసి బొమ్మ దాచుకునేవాళ్ళు. ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యారు, బొమ్మలకు గిరాకీ వచ్చింది. ఉన్న ఒక బొమ్మ ఇచ్చి లేని ఒక బొమ్మ పుచ్చుకోవడానికి పెద్ద పెద్దవాళ్ళు కార్లు వేసుకుని వచ్చేవాళ్ళు. మొదట్లో ఇదంతా పిచ్చి అనిపించింది. ఇప్పటికీ కొంత అనిపిస్తుంది.

షాపుకు కార్డు వస్తే బూ నాసర్ ముందు చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకునేవాడు. తర్వాత నాలుగు చూసేవాడు. మూలలు మొనతేలి ఉన్నాయా, అంచు నలిగిందా, బొమ్మ చుట్టూ ఉండే తెల్ల జాగా నాలుగు వైపులా సమానంగా ఉందా, పైన గీతలు పడ్డాయా. ఆ మీదట భూతద్దం పెట్టి అచ్చు చూసేవాడు. పాత అచ్చులో రంగు సన్నటి చుక్కలుగా, వరసలు తీరి కనిపిస్తుంది. అన్నీ సరిపోతే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, దాన్ని గట్టి తొడుగులోకి దించేవాడు. ఇక ఆ కార్డును రుద్దకూడదు, కడగకూడదు, అతికించకూడదు. ఈ మూడూ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి తొడుగు మీద తొడుగు వేయడం చూసి, ప్లాస్టిక్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్నాను.

ఆ ఆదివారం ఉమ్ ఖాలిద్ అనే పెద్దామె ఒక కార్డు తెచ్చింది. రుమైథియాలో ఉంటుంది. ఆమె ఇంట్లోనే మా ఆడమనిషి లక్ష్మమ్మ పదకొండేళ్ళుగా పని చేస్తోంది. ఇంటి యజమానురాలిని అక్కడ పిలిచినట్టే లక్ష్మమ్మ ఆమెను మామా అంటుంది, నేనూ అదే అనేవాణ్ణి. నేను అబ్బాసియాలో నలుగురు మగవాళ్ళ రూములో, లక్ష్మమ్మ మామా ఇంట్లో. శుక్రవారం శుక్రవారం కలిసేవాళ్ళం.

మామా చిన్నప్పుడు తమ్ముళ్ళతో పోటీపడి ఈ బొమ్మలు పోగుచేసిందట. వాళ్ళు కాజేయకుండా తనవాటి వెనక మూలన నీలి సిరాతో ఒక చుక్క పెట్టుకునేది. ఆ వరసలో ఆమెకు ఒక్క కార్డు తక్కువ. అది జాబ్రియాలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఉంది. ఆమె దగ్గర రెండున్న ఒక కార్డు ఆయనకు కావాలి. గురువారం ఇద్దరూ షాపులో కలిసి మార్చుకోవాలని ఏర్పాటు. సిరా చుక్క వల్ల కార్డు విలువ తగ్గుతుందని బూ నాసర్ అంటే, డాక్టరు ఆ చుక్కతోనే కావాలన్నాడట.

మామా కార్డు మా దగ్గర వదిలి వెళ్తూ నావైపు చూసి, లక్ష్మమ్మ మొగుడివి కాబట్టి నీ చేతికి ఇస్తున్నాను అంది. తలమీద పెట్టుకుంటానని చెప్పాను. బూ నాసర్ గట్టి తొడుగు మీద ఒక చీటీ అంటించి, గురువారం దాకా చాలా జాగ్రత్త అని నాకు అప్పగించాడు. బీరువాలో పెట్టి తాళం వేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

మంగళవారం మబ్బు పట్టింది. ముందటేడు వానకు అబ్బాసియాలో మా రూములోకి నీళ్ళొచ్చి ట్రంకులో కాగితాలన్నీ ముద్దయ్యాయి. లామినేషన్ చేయించిన మా అమ్మ ఫోటో, దేవుడి పటం మాత్రం చెక్కుచెదరలేదు. షాపేమో నేల కింద ఉంది. ఆ కార్డు మూలలు అప్పటికే కొంచెం పీచుదేలి ఉన్నాయి. మంగళవారం సాయంత్రం తొడుగు మీది చీటీ జాగ్రత్తగా ఒలిచి జేబులో వేసుకున్నాను. తొడుగుల్లోంచి కార్డు తీసుకుని అబ్బాసియాలో సత్తిబాబు జిరాక్సు షాపుకు వెళ్ళాను.

సత్తిబాబుది అమలాపురం దగ్గర. అతని షాపు ముందు ఎప్పుడూ జనం. చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే నా చేతిలో కార్డు చూసి, “లామినేషనేనాండీ?” అన్నాడు. అవునన్నాను. “మందం కవరేసెయ్యనా?” అన్నాడు. వెయ్యమన్నాను. గుంపులో వెనక్కి నిలబడ్డాను. కొంతసేపటికి పిలిచి, వేడివేడిగా, అద్దంలా మెరిసే ముక్క చేతిలో పెట్టాడు. నాకు చాలా బాగా కనిపించింది. మర్నాడు బీరువాలో పెట్టేశాను.

గురువారం నాలుగున్నరకు, మధ్యాహ్నం మూసిన షాపు తెరవగానే, మామా వచ్చింది. వెనకే ఆమె చేతిసంచి పట్టుకుని లక్ష్మమ్మ. డాక్టరు తన కార్డు చిన్న పెట్టెలో తెచ్చుకున్నాడు. బూ నాసర్ తెమ్మన్నాడు. తెచ్చి కౌంటరు మీద పెట్టాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

బూ నాసర్ దాన్ని ముట్టుకోకుండా చూసి, ఇదేంటి అని చిన్నగా అడిగాడు. చెప్పాను. అప్పుడు ఆయన అందరికీ వినపడేలా చెప్పాడు. వేడికి ఆ ప్లాస్టిక్‌లోని జిగురు కరిగి అట్టలోకి దిగుతుంది, ఇక ఎవరూ విడదీయలేరు, ఈ కార్డు ఖలాస్. డాక్టరు తన పెట్టె మూత మెల్లగా వేసేశాడు. మామా కుర్చీలో కూర్చుంది.

“ఏందయ్యా నువ్వు చేసిన పని? అదేమన్నా నీ రేషన్ కార్డనుకుంటివా?” అంది లక్ష్మమ్మ.

“వానొస్తాదని చేయించినా” అన్నాను.

“ఏడొచ్చె వాన? నీ నెత్తిన వచ్చె” అంది.

మామాకు తెలుగు రాదు. అయినా లక్ష్మమ్మ గొంతు విని చెయ్యెత్తి ఆపింది. తర్వాత డాక్టరు అలవాటు కొద్దీ తన భూతద్దం తీసి కార్డు మీద పెట్టాడు. పళ్ళు చూసే కళ్ళాయనవి. కొంచెం సేపు చూసి, ఇది కార్డే కాదు అన్నాడు. చుక్కల వరసలు లేవు, మెషీన్ పొడి మచ్చలున్నాయి, ఒక పక్క మడత ఉంది. ఎవరో రెండు వైపులా కాపీ తీసి మడిచి అతికించారు. బూ నాసర్ కూడా చూసి తల ఊపాడు.

పాడు చేశానంటే ఒప్పుకోగలను. ఇప్పుడు అది పాడు చేయడం కాదు, మార్చేయడం. బూ నాసర్ నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని. షాపుకు నమ్మి ఇచ్చిన వస్తువు కనపడకపోతే ముఖ్ఫర్‌లో, అంటే పోలీసుస్టేషన్‌లో, చెప్పాలని, చెప్పకపోతే షాపు పేరు పోతుందని ఆయన అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే భయమేసింది. కేసైతే నా ఇఖామా పోతుంది. నేను దొంగనైతే దొంగ పెళ్ళాన్ని ఏ మామా ఇంట్లో పెట్టుకుంటుంది? లక్ష్మమ్మ పదకొండేళ్ళ నమ్మకం నేను ఒక్క మంగళవారంలో తగలేశాను. ఆమె నన్ను తిట్టడం మానేసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

సత్తిబాబుకు ఫోన్ చేశాం. ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మామా లేచి, ఆ షాపు ఎక్కడో చూపించు, నేనే వస్తాను అంది. డాక్టరు షాపులోనే ఉంటానన్నాడు. బూ నాసర్ కారు తీశాడు. నేను ముందు, మామా, లక్ష్మమ్మ వెనక. గురువారం సాయంత్రం ఆరో రింగు రోడ్డు ఎలా ఉంటుందో కువైట్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. గంటకు పైగా పట్టింది. ఎవరూ రేడియో పెట్టలేదు.

అబ్బాసియా సందులో కారు పోక, చివరికి నడిచాం. మామా నల్లటి అబాయా అంచు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గుంటలు చూసుకుంటూ వచ్చింది. సత్తిబాబు షాపు ముందు జనం ఆమెను చూసి దారిచ్చారు. అతను నన్ను చూసి పని ఆపాడు.

“ఆయ్, ఇప్పుడాండీ రావడం? మూడ్రోజుల్నించీ ఈ బంతాయన నా డబ్బాలోనే ఉన్నాడండీ. ఫోన్ నంబరైనా ఇవ్వకుండా ఎల్లిపోయేరు” అన్నాడు.

బల్ల కింద నుంచి పాత బిస్కెట్ల డబ్బా తీశాడు. జిరాక్సు మూత కింద జనం మరిచిపోయి వెళ్ళే ఒరిజినళ్ళన్నీ అందులో వేస్తాడట. పాస్‌పోర్టు ఫోటోలు, మార్కుల లిస్టులు, ఎవరిదో పెళ్ళి శుభలేఖ. వాటి అడుగున ఒక కవరు. కవరులో కార్డు, ఎలా ఉన్నది అలా.

బూ నాసర్ అడగమంటే నేను అడిగాను, కార్డునే ఎందుకు మిషన్లో పెట్టలేదని.

“ఒకాయన సివిల్ ఐడీ పెట్టేనండీ, ఓపాలి. అందులో చిప్పు మాడిపోయింది. ఆయన నన్ను మాడ్చేశాడు. అప్పట్నించీ గట్టి కార్డు ఏదొచ్చినా కాపీ తీసి దాన్నే లామినేషన్ చేత్తానండీ. ఒరిజినల్ ఆ వేడికి పెట్టను. ఆ రోజు మా ఇంటి నుంచి ఫోన్, మూత ఎత్తడం మరిచిపోయేను. తప్పు నాదేనండీ” అన్నాడు.

మామా కార్డు వెనక్కి తిప్పింది. నీలి చుక్క ఉంది. కాపీ మీద కూడా చుక్క ఉంది కదా అని నాకు మళ్ళీ భయం. ఆమె దాని మీద గోరు మెల్లగా ఆనించింది. పెన్ను నొక్కిన చోట అట్ట చిన్నగా లోపలికి పోయి ఉందట, అది గోటికి తగిలింది. ఇదే అంది. బూ నాసర్ భూతద్దంతో చూసి, ఇదే అన్నాడు. మూలలకూ ఏమీ కాలేదు.

నేను ఆ షాపు మెట్టు మీద కూర్చున్నాను. నాలుగున్నర నుంచి ఒంటేలుకు పోవాలని ఉన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. లేచి వెళ్ళొచ్చేసరికి మామా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, పక్కన హోటల్ నుంచి సత్తిబాబు తెప్పించిన టీ తాగుతోంది. లక్ష్మమ్మ ఆమె వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

“బిస్కెట్ల డబ్బా పాటి చేయలేదు నీ బీరువా” అంది నాతో.

తిరిగి వచ్చేటప్పుడు కారులో రేడియో మోగింది. జేబులో చెయ్యి పెడితే మంగళవారం ఒలిచిన చీటీ తగిలింది. తీసి మామాకు ఇచ్చాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె అరబ్బీలో చెప్పింది. తెరవకూడదు, బయటికి తీసుకుపోకూడదు అని ఉంది. బూ నాసర్ సిగ్నల్ దగ్గర ఆగి నావైపు తిరిగాడు. చదవడం రాదా అన్నాడు. రాదన్నాను. తొమ్మిది నెలలు ఎందుకు చెప్పలేదన్నాడు. మీరు అడగలేదు, నాకు సిగ్గు అన్నాను. పచ్చ లైటు పడింది. కొంత దూరం పోయాక, అడగకపోవడం నా తప్పు, చెప్పకపోవడం నీది అన్నాడు. ఆ మాట మీద ఇద్దరం మళ్ళీ ఎప్పుడూ గొడవపడలేదు.

డాక్టరు మాకోసం కూర్చునే ఉన్నాడు. మార్పిడి అయిపోయింది. మామా తనకు తక్కువైన కార్డు తీసుకుని, దాన్ని నా చేతికి ఇవ్వకుండా నేరుగా లక్ష్మమ్మ పట్టుకున్న సంచిలో వేసుకుంది. అది న్యాయమే.

తర్వాతి శుక్రవారం నుంచి లక్ష్మమ్మ నాకు అక్షరాలు దిద్దించింది. ఆమె ఏడో తరగతి. నాకు అప్పుడు యాభై ఏడు. మనవళ్ళున్నవాడికి గుణింతాలేందని రూములో వాళ్ళు నవ్వారు. ఇంగ్లీషు అక్షరాలు బూ నాసర్ కౌంటరు మీద ఆ చీటీతోనే మొదలుపెట్టాడు. రెండేళ్ళకు నన్ను కౌంటరులో కూర్చోబెట్టాడు, ఇఖామాలో రాసినట్టు. ఉద్యోగం చాలించి ఊరికి వచ్చేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాను.

నేర్చుకున్నది ఇంతే. జాగ్రత్త అని ఎవరైనా అంటే, ఏ రకం జాగ్రత్త అని అడగాలి. పాత వస్తువుకు మనం చేయగలిగిన మంచిపని చాలాసార్లు దాన్ని ఏమీ చేయకపోవడమే. రానిది రాదని మొదటి రోజే చెప్పాలి.

ఆ గురువారం అక్కడ ఉన్నవాళ్ళం: షాపు యజమాని బూ నాసర్, రుమైథియా ఉమ్ ఖాలిద్, జాబ్రియా పళ్ళ డాక్టరు హమద్, అమలాపురం సత్తిబాబు, నా భార్య లక్ష్మమ్మ, నేను రమణయ్య. ఇంకా ఆ అట్టముక్క మీది ఆటగాడు. ఆయన పేరు కింద అచ్చేసే ఉంది, ఆ రోజు నేను చదవలేకపోయాను.