పాలవ్యానులో వెళ్ళొచ్చిన బ్యాటరీలు

నూజివీడు చుట్టుపక్కల కరెంటును పాలవ్యానులో తెప్పించుకుని వాడుకున్న మనిషి ఒక్కతే, మా గ్లోరీ. ఆమె టైపు కొట్టే వేడికి పాక మీద వాలిన కొమ్మన చిన్న రసాలు పది రోజుల ముందే పండేవనీ, కోతులు వెనకాల కూర్చుని స్క్రీన్ మీద అచ్చుతప్పులు చూపించేవనీ కూడా బస్టాండు పక్కన నా సెల్ షాపులో కూర్చుని వందమందికి చెప్పాను. సగంమంది నమ్మారు. ఇంటర్ మధ్యలో మానేశాను గాని, నా నోటికి డిగ్రీ ఎప్పుడో వచ్చేసింది.

కోతుల సంగతి అటుంచండి, పాలవ్యాను మాత్రం నిజం.

గ్లోరీ, వాళ్ళమ్మ జోజమ్మ ఏటా మార్చి నుంచి జూన్ దాకా బాపులపాడు వైపు ఒక వ్యాపారి మామిడితోటకి కాపలా ఉంటారు. పిందె పట్టింది మొదలు ఆఖరి కోత దాకా వంటా పడకా ఆ పాకలోనే. గ్లోరీ బీకాం చదివింది. విజయవాడలో ఒక ప్రెస్సుకి తెలుగు డీటీపీ చేసి పెట్టేది. పొద్దున్నే రాలిన కాయలు ఏరేసి, తొమ్మిదింటికల్లా నులకమంచాన్ని బల్ల చేసుకుని, చాప మీద కూర్చుని మొదలుపెట్టేది. తోటలో బోరు మోటారుకి కరెంటుంది, పాకకి లేదు.

అప్పట్లో ఆమెది ఇటుకలాంటి పాత లాప్‌టాప్. అడుగున గొళ్ళెం జరిపితే బ్యాటరీ ఊడి చేతిలోకి వచ్చేది. అలాంటి బ్యాటరీలు మూడు పెట్టుకుంది. అదే మోడల్‌ది స్క్రీన్ పగిలిన మెషినొకటి నా షాపులో పడి ఉంటే, అయిపోయిన బ్యాటరీని దాంట్లో పెట్టి నేను ఛార్జింగ్ ఎక్కించేవాణ్ణి. రెండు పూటలా పాలవ్యాను నడిపే కిషోర్ బాబు పొద్దున ఖాళీ బ్యాటరీ తెచ్చి, సాయంత్రం నిండింది పట్టుకెళ్ళేవాడు.

“ఏమ్మా గ్లోరీ, రేపటికి కరెంటు ఎన్ని లీటర్లు పొయ్యమంటావ్?” అనేవాడు పాక ముందు వ్యాను ఆపి.

“నీళ్ళు కలపకుండా పొయ్యి బాబాయ్, ఎన్నైనా ఫరవాలేదు.”

బ్యాటరీ నూజివీడు వెళ్ళొచ్చేలోగా మెషిన్ తోటలోనే ఉండేది. పని ఆగేది కాదు. కాకపోతే మూడింట్లో ఒకటి డూప్లికేటు, నలభై నిమిషాలకే చేతులెత్తేసేది. అసలువి దొరకడం మానేశాయి. అప్పుడు నేను నోరు తెరిచాను.

“ఇంకా ఎన్నాళ్ళు మోస్తావ్ ఆ ఇటుకని? సన్నది తీసుకో. పొద్దున మొదలెడితే పొద్దుగూకే దాకా ఆగదు.”

“దాని బ్యాటరీ ఊడుద్దా అన్నయ్యా?”

“ఊడదు. లోపలే అతికించేస్తారు. గొళ్ళెం ఉండదు, డబ్బా ఉండదు, ఆ చోటంతా బ్యాటరీయే. అందుకేగా అంత సన్నగా ఉంటది, అంతసేపు వస్తది!”

“మరి పాడైతే?”

“నేనున్నాగా! నేను విప్పలేని మెషిన్ ఇంకా పుట్టలేదు.”

సన్నది కొనిపించాను. పాతదాన్ని నేనే తీసుకుని విడిభాగాలకి విప్పేశాను. మొదటి వేసవి నా మాటే నెగ్గింది. తొమ్మిది గంటలు వచ్చేది. సాయంత్రం లాప్‌టాపే వ్యానెక్కి నా షాపుకి వచ్చి, పొద్దున తిరిగి వెళ్ళేది. భుజం నొప్పి పోయిందని గ్లోరీ కూడా అంది. నేను కాలరెగరేశాను.

రెండో వేసవికి ఆ తొమ్మిది గంటలు మూడయ్యాయి. పాకలో ఆ ఎండ వేడికి బ్యాటరీ వయసు తొందరగా అయిపోయింది. మధ్యాహ్నానికే మెషిన్ ఆగిపోయేది. బ్యాటరీ ఒక్కదాన్నే పంపే వీల్లేదు, మెషినే కదలాలి. అది నా షాపులో ఉన్నంతసేపూ గ్లోరీ తోటలో ఖాళీ చేతులతో కూర్చునేది.

మే నెలాఖరున ప్రెస్సు యజమాని ప్రభాకరరావు గారు ఆమెకి ఫోన్ చేసి, పదో తరగతి గైడు సోమవారం పొద్దున్నకల్లా అందిస్తే ఇకనుంచి ఏడాది పొడుగునా పని ఆమెకే ఇస్తానన్నారు. అందకపోతే వేరేవాళ్ళని చూసుకుంటానన్నారు. నలభై పేజీలు మిగిలాయి. శుక్రవారం పొద్దున మౌస్ పలక బూరెలా పొంగింది. గ్లోరీ వ్యానులో మెషిన్ పంపి, నాకు ఫోన్ చేసింది.

“లోపల బ్యాటరీ ఉబ్బినట్టుంది అన్నయ్యా. సర్వీస్ సెంటర్‌కి పంపించెయ్యమంటారా?”

“సర్వీస్ సెంటరా? నా పరువు తియ్యకు. సాయంత్రానికి నీ ఒళ్ళో పెడతా.”

ఉబ్బిన బ్యాటరీని పొడిచి లేపకూడదని నాకు తెలుసు. తెలిసే చేశాను. షాపులో ఇద్దరు నిలబడి చూస్తున్నారు, నేనేదో కోతలు కోస్తూ జిగురు కింద సన్నటి ఇనపరేకు దూర్చాను. బుస్సుమంది. పొగ. మెషిన్‌ని మెట్ల మీదికి ఈడ్చి ఇసుక పోశాను. చల్లారాక చూస్తే లోపల బోర్డుతో సహా మాడిపోయింది.

గ్లోరీ తెలివైంది, పేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో మెషిన్ చూసుకునేది. నేను చెప్పలేదు. పార్టు విజయవాడ నుంచి బయల్దేరిందని కిషోర్ బాబుతో కబురు పెట్టాను. శనివారం ఆమే ఫోన్ చేస్తే, హనుమాన్ జంక్షన్ దాకా వచ్చిందనీ, అక్కడ లారీ తిరగబడి బత్తాయిలన్నీ రోడ్డు మీద పడ్డాయనీ, వాటిని ఏరితే గాని దారివ్వరనీ చెప్పాను. బత్తాయిలని కూడా అన్నానండీ. వాటి అవసరమేముంది?

“సరే అన్నయ్యా, మీరు చూస్తున్నారుగా” అంది.

ఆ మాటకి చెవులు కాలాయి. అయినా రేపటికల్లా అయిపోతుందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆదివారం చర్చి అయ్యాక తనే షాపుకి వచ్చింది. కౌంటరు మీద మాడిన మెషిన్ని చూసింది. పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఎక్కడో చుట్టాల ఇంట్లో ఒక కంప్యూటర్ దొరికింది. సోమవారం పొద్దున్నకి ఇరవై ఆరు పేజీలయ్యాయి. ప్రభాకరరావు గారు మిగతాది వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

ఇప్పుడు గ్లోరీ మామిడికాయల ప్యాకింగ్ షెడ్డులో పెట్టెల మీద చీటీలు అంటిస్తోంది. నేను మాత్రం ఏడాదిగా ఊరంతా ఒకటే పాట: ఊడని బ్యాటరీలు పెట్టి కంపెనీలు ఒక ఆడపిల్ల పొట్ట కొట్టాయి! మొన్న ఆ షెడ్డులోనే, పదిమంది కూలీల ముందు, ఇదే కథ మొదలుపెట్టాను. గ్లోరీ అక్కడే ఉంది. చీటీ అంటించడం ఆపలేదు, తలెత్తలేదు.

“బ్యాటరీ పోయింది శుక్రవారం అన్నయ్యా. నాకు తెలిసింది ఆదివారం.”