జలపాతం దగ్గర కొబ్బరిచిప్పలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీయండి. హైమావతి గారి సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆ కోపాన్ని తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు.

ఆవిడకి అరవై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్ల కిందట బొబ్బిలి నుంచి ఈ కొండల ఊరికి వచ్చారు. కాల్గరీ నుంచి పడమరగా కారులో మూడు గంటల దూరం. భర్త కేశవరావు గారు ఇక్కడి కలప మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసేవారు. ఆయన పోయి పదకొండేళ్లయింది. అందరూ కాల్గరీ వచ్చెయ్యమన్నా ఆవిడ కదల్లేదు. వారమంతా నాతోపాటు హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతలు పెడతారు, సెలవు రోజున కొండెక్కుతారు. మోకాలు నొప్పి అంటూనే ఎక్కుతారు. మనిషి వస్తున్న అలికిడి ఎలుగుబంట్లకి ముందే తెలియాలి కాబట్టి దారి పొడుగునా గట్టిగా ఎక్కాలు చదువుతారు. పందొమ్మిదో ఎక్కం తడుముకోకుండా చెప్పగలిగే మనిషిని నేను ఆవిడ ఒక్కరినే చూశాను.

టూరిస్టులంతా పెద్ద సరస్సు దగ్గర ఫొటోల కోసం క్యూ కడతారు. ఆవిడకి తెలిసిన చోట్లు వేరు. మూతపడ్డ బొగ్గుగని వెనక పాత రోడ్డు, దాని చివర చిన్న జలపాతం. సెప్టెంబరులో ఆకులన్నీ పసుపు పూసినట్టయ్యే లార్చ్ చెట్ల వాలు. హైవే పక్కన బోర్డు కూడా లేని నీటి ఊట. అడిగిన ప్రతివాళ్లకీ చెప్పరు. చెప్పినా ఒకటే షరతు, పైకి తీసుకెళ్లిందల్లా కిందికి రావాలి, అరటితొక్కతో సహా.

ఆ షరతుకి నేను పూచీ పడి మా పిన్ని కొడుకు చక్రధర్‌కి జలపాతం దారి చెప్పించాను. నా చెప్పుతో నన్ను నేనే కొట్టుకోవాలి. వాడు దేశానికి తూర్పున ఎక్కడో కనాటా అనే ఊళ్లో టెలికాం ఇంజనీరు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, వింటాడనుకున్నాను. వినాయక చవితికి పెళ్లాం పిల్లలతో వచ్చాడు. జలపాతం పక్కన రుబ్బురోలంత రాయి ఒకటుంది. ఒక వైపు నుంచి చూస్తే తొండంలా కనిపించిందట. ఇంక ఆగుతాడా? దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఉండ్రాళ్లూ అరటిపళ్లూ అక్కడే వదిలేసి, 'రాకీస్‌లో స్వయంభూ వినాయకుడు' అని వీడియో తీసి ఉన్న గ్రూపులన్నింటికీ పంపాడు.

మరుసటి వారం నుంచి శనాదివారాలొస్తే జాతరే. కాల్గరీ నుంచి, ఎడ్మంటన్ నుంచి కార్లు. అందరికీ అరటిపళ్లు పెట్టే భక్తి ఉంది, తొక్క తిరిగి తెచ్చుకునే బుద్ధి ఒక్కరికీ లేదు.

చలికాలానికి ముందు ఎలుగుబంటికి తిండి తప్ప ఇంకో ధ్యాస ఉండదు. రెండు పిల్లలున్న తల్లి ఎలుగు ఒకటి ఆ వాసన పట్టింది. మొదట జనం వెళ్లాక వచ్చేది. తర్వాత జనం ఉండగానే రావడం మొదలుపెట్టింది. వన్యప్రాణి అధికారి హోటల్‌కి వచ్చి హైమావతి గారితో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇప్పుడే తిండి ఆగిపోతే అది అడవిలోకి పోవచ్చు. ఆగకపోతే, మనుషుల మీదికొచ్చిన రోజున కాల్చెయ్యక తప్పదు. తిండి మరిగినదాన్ని ఎక్కడ వదిలినా మళ్లీ మనుషుల దగ్గరికే వస్తుందట.

ఆ మర్నాటి నుంచి ఆవిడ డ్యూటీకి ముందే, తెల్లవారుతూనే పైకెళ్లి సంచీ నిండా కొబ్బరిచిప్పలు, కుళ్లిన పళ్లు మోసుకొచ్చారు. పన్నెండు రోజులు. ఆ మోకాలితో. నేను చక్రధర్‌కి ఫోన్ చేసి, ఎవరూ రావద్దని గ్రూపుల్లో పెట్టరా అని బతిమాలాను.

"దేవుడికి పెట్టింది తీసెయ్యడం పాపం కదక్కా," అన్నాడు. "అయినా జంతువులు తింటే పుణ్యమేగా."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు తిట్టిన తిట్లు అచ్చుకి పనికిరావు.

ఆదివారం ఆవిడతో నేనూ వెళ్లాను, గునపం పట్టుకుని. అప్పటికే రాయి చుట్టూ ఎనిమిదిమంది, చేతుల్లో పళ్లేలు. హైమావతి గారు వాళ్లని ఒక్క మాట అనలేదు. రాయికి దణ్ణం పెట్టుకుని వాళ్ల వైపు తిరిగారు.

"చవితి వెళ్లి మూడు వారాలు దాటింది. నిమజ్జనం చెయ్యకుండా వినాయకుణ్ణి ఇన్నాళ్లు ఎవరైనా ఉంచుతారా? రండి, ఒక చెయ్యి వెయ్యండి."

నలుగురు మగాళ్లు గునపంతో రాయిని పెకిలించి జలపాతం కింది మడుగులోకి దొర్లించారు. మిగిలినవాళ్ల చేత ఆవిడ చిప్పలూ తొక్కలూ ఏరించారు. వాళ్లలో ఎవరో తీసిన నిమజ్జనం వీడియో కూడా గ్రూపుల్లో తిరిగింది. తర్వాత జనం రావడం ఆగిపోయింది. నేను గండం గడిచిందనుకున్నాను.

నాలుగో రోజున తల్లి ఎలుగు పైన ఏమీ దొరక్క కిందికి దిగింది. ఊరి చివర క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక కుటుంబం బల్ల మీద అరటిపళ్లు పెట్టుకుని టిఫిన్ తింటుంటే నేరుగా నడుచుకుంటూ వచ్చేసింది, వెనకే పిల్లలు. దానికేం తెలుసు? తన కోసమే పెట్టారనుకుంది. మధ్యాహ్నానికల్లా మూడింటినీ కాల్చేశారు. పిల్లలకీ అదే అలవాటైందని అధికారి చెప్పాడు. చెప్తూ హైమావతి గారి మొహంలోకి చూడలేకపోయాడు.

సాయంత్రం లాండ్రీలో ఉండగా చక్రధర్ ఫోన్ చేశాడు. సంగతి వాడికి నేనే మెసేజ్ పెట్టాను, ఉండబట్టలేక. ఆంటీతో మాట్లాడతానంటే స్పీకర్‌లో పెట్టాను. చాలా బాధగా ఉందన్నాడు, ఇలా అవుతుందని అనుకోలేదన్నాడు.

"వాటి ఆత్మశాంతికి ఇక్కడ గుళ్లో పూజ చేయిస్తానాంటీ."

ఆవిడ దుప్పటి మడత పెట్టడం ఆపారు.

"పంతులు గారు గోత్రం అడుగుతారు. ఏం చెప్తావు?"

ఆవిడ దుప్పటి అంచులు కలిపి మడత మళ్లీ మొదలుపెట్టారు.

"నీ గోత్రమే చెప్పు నాయనా. అలవాటు చేసిన చెయ్యి నీదే కదా. పిల్లలు రెండున్నాయి, వాటినీ కలిపి చెప్పు."