నీళ్లు పారే గొట్టానికి అతుకు

మంట మేస్త్రికి ఆ పేరు చేతిలోని మంట వల్ల వచ్చిందో, ముక్కుమీది కోపం వల్ల వచ్చిందో ఆయన దగ్గర పనిచేసినవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేదు. రాగి గొట్టాలకు అతుకులు వేయడం ఆయన పని. ముప్పై నాలుగేళ్లుగా హోటళ్లలో, ఆఫీసు భవనాల నేలమాళిగల్లో పాక్కుంటూ పోయి వేడినీళ్ల గొట్టాలు కలిపాడు. ఆయన వేసిన అతుకు కారిందని చెప్పినవాడు లేడు. చెప్పే ధైర్యం ఉన్నవాడూ లేడనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి కాలేయంలో నిమ్మకాయంత కేన్సర్ గడ్డ పుట్టింది. కోసి తీయడం కుదరదన్నారు. సన్నటి సూది దింపి, దాని మొన వేడెక్కించి, గడ్డను లోపలే కాల్చేస్తామన్నారు. మంటతో వైద్యమనగానే మేస్త్రికి కొంచెం ధైర్యం వచ్చింది. కాల్చారు. అంతా మాడిపోయిందన్నారు. ఏడు నెలలకు స్కానింగులో గడ్డ మళ్లీ కనబడింది.

డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. కాలిన చోటు గుండ్రంగా, నల్లగా ఉంది. ఒక పక్క మాత్రం సన్నటి చార మిగిలింది. దాన్ని ఆనుకునే లావుపాటి రక్తనాళం పోతోంది.

"ఇక్కడ రక్తం జోరుగా పారుతుంది. మేం పెట్టిన వేడిని అదే పట్టుకుపోయింది. అందుకే ఈ అంచు చావలేదు" అందామె.

మేస్త్రి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నీళ్లు పారే గొట్టానికి అతుకు పడదని నా దగ్గర నిన్న చేరినవాడికి కూడా తెలుసమ్మా! ఎంత మంట పెట్టినా వేడంతా నీళ్లే తాగేస్తాయి. వాల్వు సరిగ్గా మూసుకోకపోతే మేమేం చేస్తామో తెలుసా? గొట్టంలో బ్రెడ్డు ముద్ద కుక్కుతాం. అది నీళ్లను కాసేపు ఆపుతుంది. ఆలోగా అతుకు వేసేస్తాం. తర్వాత కుళాయి తిప్పితే ముద్ద బయటికొచ్చేస్తుంది. పదో తరగతి తప్పినవాడికి తెలిసింది మీకు తెలీదా?"

"తెలుసు మేస్త్రీ. ఆ నాళంలో రక్తాన్ని ఆపలేం. కానీ ముందు కీమో మందు ఎక్కించి, అది రక్తంలో ఉండగానే వేడి పెట్టొచ్చు. వేడికి గడ్డ చుట్టూ ఉన్న సన్ననాళాల గోడలు వదులై మందు బయటికి ఊరుతుంది, వేడి చాలని అంచులో చేరుతుంది. మందు దెబ్బ తిన్న కణాలు తక్కువ వేడికే చస్తాయి. వాటికి రక్తం తెచ్చే సన్ననాళాలు కూడా లోపలి పొర చెడి మూసుకుపోతాయి."

"మరి ఈ తెలివి మొదటిసారి ఏ అటక మీద పెట్టారు?"

డాక్టరమ్మ గోడవారగా కూర్చున్న ఆయన భార్య వైపు చూసింది. "అప్పుడే చెప్పాం. మీ ఇంటివాళ్లు మందు వద్దన్నారు."

"ఇంటివాళ్లా? మరి నేనెవర్ని? ఆ ఇంట్లో అద్దెకుంటున్నానా?"

జరిగింది ఇదీ. ఏడు నెలల కిందట డాక్టరమ్మ ఆమెను వరండాలోకి పిలిచి అడిగింది. మేస్త్రి అప్పుడు లోపల మంచం మీదే ఉన్నాడు, వార్డులో పంపు కారుతోందని నర్సుతో నిక్షేపంగా తగాదా పడుతూ. ఇద్దరిలో ఒక్కరూ ఆయన్ని అడగలేదు.

భార్య సంచి పిడిని మెలిపెడుతూ అంది: "మా అమ్మను ఆ మందే మింగేసిందండీ. చివరికి మంచినీళ్లు కూడా కడుపులో ఇమడలేదు. మిమ్మల్ని అలా చూడలేననుకున్నా. మంట ఒక్కటే చాలన్నా."

"నన్ను అడిగావా?"

"అడిగితే సరేనంటారని భయం."

మేస్త్రికి ఒళ్లు భగ్గుమంది. గడ్డ తన కడుపులో, సూది తన కడుపులో, నిర్ణయం మాత్రం వరండాలో! ఇద్దరినీ కలిపి దులిపేశాడు. కాగితాలు లాక్కుని ఒక్కో ముక్కా చెప్పించుకుని తనే సంతకం పెట్టాడు. మందెప్పుడు, మంటెప్పుడు అన్నది విడిగా రాయించుకున్నాడు.

ఆ రోజు తొమ్మిదింటికి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పదింటికి వేడి పెట్టే గదికి తీసుకెళ్లాలి. పదింబావైనా మంచం కదల్లేదు. లోపల ఇంకొకరి పని తెమల్లేదట.

"మందు ఒంట్లోంచి పోయాక కాలుస్తారా? మళ్లీ ఏడు నెలలకు రమ్మంటారా?" వార్డు దద్దరిల్లింది. మేస్త్రి సీసా స్టాండు తోసుకుంటూ నడిచే బయల్దేరాడు. భార్య ఈసారి అడ్డురాలేదు. ముందు నడిచి తలుపు తీసింది. వెనక నర్సు పరుగెత్తుకొచ్చింది. పదిన్నరకల్లా సూది దిగింది.

తర్వాత మూడు వారాలు వాంతులే. జుట్టు ఊడింది. భార్య గిన్నె పట్టింది, పక్క దులిపింది. ఆయన ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆ తర్వాత మళ్లీ తీసిన స్కానింగు చూసి డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. అలవాటు చొప్పున భార్యకు సైగ చేసింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. "ఆయనకే చెప్పండి" అంది.

చార పోయింది. నాళం పక్కన గడ్డ జాడే కనబడలేదు.

ఆసుపత్రి మెట్ల మీద మేస్త్రి ఆగిపోయాడు. సంతోషం రావాలి. కోపమే వచ్చింది. "ఇది మొదటిసారే అయ్యేది! ఏడు నెలలు దాన్ని కడుపులో మోశాను. బతికాను గానీ నీమీద కోపం పోలేదు. పోదు కూడా."

"పోకపోతే మాననీండి. కోప్పడ్డానికి మనిషంటూ ఉన్నారు. అరవండి, వింటా" అంది భార్య.

బస్సు వచ్చేదాకా ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఒక్క మాటా పోనివ్వకుండా విన్నది.